పొన్నమ్మ మాగబెట్టిన కన్ను

గుడియాత్తం సంతపేటలో మామిడికాయలు అమ్మేవాళ్ళు కోకొల్లలు, మామిడిపండ్లు అమ్మేది మాత్రం తానొక్కతేనని పొన్నమ్మ చెప్పుకునేది. గొప్పలు పోతోందని మూతి విరిచినవాళ్ళు కూడా ఇంటికి కొత్తల్లుడు వస్తున్నాడంటే ఆమె కొట్టం ముందుకే వచ్చి నిలబడేవాళ్ళు. చెట్టు ఇచ్చేది కాయను, పండును ఇచ్చేది మనిషి చెయ్యి అని ఆమె నమ్మకం. ఆ చెయ్యి తనదేనని ఇంకో నమ్మకం.

తాతల నాడెప్పుడో కొండ దిగి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన తెలుగు కుటుంబం వాళ్ళది. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపం వస్తే రెండూ. అక్షరం ముక్క మాత్రం రెంటిలోనూ రాదు. పొన్నమ్మ మొగుడు దేవరాజులు మోర్ధానా దిక్కు తోటల నుంచి బండిమీద కాయ తోలుకొచ్చేవాడు. మాట మెత్తన, మనసు మెత్తన, పెళ్ళాం ముందు వెన్నెముక కూడా మెత్తన. కాయ దించడం వరకే అతని పని. కొట్టంలోకి పోయాక రాజ్యం ఆమెది.

ఆ కొట్టానికి కిటికీ లేదు. కింద తంగేడాకు పరిచి, దానిమీద వరిగడ్డి, గడ్డిమీద కాయ, మళ్ళీ గడ్డి, పైన గోనెలు కప్పి తలుపు మూసిందంటే ఇక ఆ తలుపు జోలికి దేవుడు కూడా పోకూడదు. లోపలి కాక బయటికి పోతే కాయ మాగదు, ముడతలు పడి చస్తుంది. ఒకసారి దేవరాజులు ఆగలేక తలుపు ఓరగా తీసి, గోనె ఎత్తి చూశాడు. వీపుమీద చీపురుదెబ్బ పడింది.

“మాటిమాటికీ తెరిచి చూస్తే కాయ మాగదయ్యా! కడుపుతో ఉండేదాన్ని పూటకోసారి కడుపు కోసి చూస్తావా నువ్వు?”

వీధి వీధంతా నవ్వింది. దేవరాజులు కూడా వీపు తడుముకుంటూ నవ్వాడు. ఆమె తిట్టిందని ఏనాడూ అలిగిన మనిషి కాదు.

పొన్నమ్మకు ఇంకో పద్ధతి ఉండేది. సంతరోజున బిచ్చగాళ్ళు వస్తే దెబ్బతిన్న పండు కాకుండా మంచి పండే తీసి చేతిలో పెట్టేది, కానీ వాళ్ళ మొహం చూసేది కాదు. చెయ్యి చాపిన మనిషి మొహం చూస్తే ఆ మనిషికి సిగ్గేస్తుందని తల్లి నేర్పిన మర్యాద అది. గంగమ్మకు కూడా ఆమె పిల్లల్ని ఇవ్వమనో, సొమ్ములు ఇవ్వమనో మొక్కలేదు. పిల్లలు పుట్టలేదు, సరే అంది. నా చెయ్యి కిందుండే రోజు మాత్రం చూపించొద్దు తల్లీ అని ఒక్కటే మొక్కు.

ఆంధ్రులకు వేరే రాష్ట్రం ఇస్తున్నారని ఊరంతా అట్టుడుకుతున్న వేసవి అది. చిత్తూరు ఎటు, వేలూరు ఎటు, మనం ఎటు అని కాఫీ అంగళ్ళలో మనుషులు చొక్కాలు పట్టుకునేవాళ్ళు. దేవరాజులు ఆ కబుర్లన్నీ మోసుకొచ్చి చెబితే పొన్నమ్మ కొట్టిపారేసింది.

“మాగే కాయకి ఏ రాజ్యమైతే ఏమయ్యా? గడ్డి కావల్ల, కాక కావల్ల. పో, పోయి గోనెలు దులుపు.”

ఆ గోనెలు దులిపినప్పుడే గడ్డి నలుసు ఎగిరొచ్చి ఆమె కుడికంట్లో పడింది. కొంగు కంటికి అదుముకుని, తిట్టుకుంటూ వాకిట్లోకి వచ్చింది. మిట్టమధ్యాహ్నం. వాకిలి ఎండకు పెళపెళమంటోంది.

“ఏందయ్యా ఇది, అప్పుడే పొద్దుగూకినాదా?” అంది పొన్నమ్మ.

దేవరాజులు ఎగతాళి చేస్తోందనుకుని నవ్వాడు. ఆమె కొంగు తీసింది, ఎండ కనబడింది. మళ్ళీ కుడికన్ను మూసింది, ఎండ పోయింది. మూసింది, తెరిచింది. ఎడమకన్ను ఎప్పుడు పోయిందో ఏమో, ఇంట్లో పిల్లి చచ్చినట్టు చడీచప్పుడూ లేకుండా పోయింది. ఆమె అట్లాగే వాకిట్లో చతికిలబడింది. ఆ రోజు భయపడింది పొన్నమ్మ, నిజంగానే భయపడింది.

మర్నాడే బస్సెక్కి వేలూరు పెద్దాసుపత్రికి పోయారు. పొద్దున పోతే సాయంత్రానికి గాని పని కాలేదు. వరసలో కూర్చోబెట్టారు, కంట్లో మందు వేశారు, చీకటిగదిలో దీపం పెట్టి చూశారు. పడుకోబెట్టి కంటిమీద చిన్న తూనిక లాంటిది ఆనించి లోపల పోటెంతుందో, అంటే ఒత్తిడెంతుందో కొలిచారు. డాక్టరు అరవంలో గబగబా నాలుగు మాటలు చెప్పి ఇంకో రోగి దగ్గరికి పోయాడు. మిగతాదంతా ఆరోకియమేరి అనే నర్సు విడమరిచి చెప్పింది. అరవ మనిషి, అయినా తెలుగు రోగులతో రెండూ కలిపి లాగించేది. మనిషి మంచిదే, గొంతే పెద్దది.

“ఇది నీటికాసులమ్మా. కంటిలోపల నీళ్ళు ఊరతా ఉంటాది. బయటికి పోయే దోవ సరిగ్గా లేకపోతే పోటెక్కి వెనకుండే నరాన్ని నొక్కేస్తాది. నొప్పుండదు, ఎరుపుండదు. పక్కల నుంచి చూపును తినుకుంటా వస్తాది, ఎదట మాత్రం బాగా కనిపిస్తానే ఉంటాది. నీ ఎడమకన్ను పోయింది, దాన్ని ఏ డాక్టరూ తేలేడు. కుడికన్ను కూడా సగం తినేసింది. ఉండే సగం నిలవల్లంటే రోజూ మందు వెయ్యల్ల, నెలనెలా వచ్చి చూపించుకోవల్ల.”

“ఎన్నాళ్ళమ్మా?”

“నువ్వుండేంత కాలం.”

పొన్నమ్మకు అక్కడే తిక్క పుట్టింది. మందంటే ఒక మండలం ఉంటుంది, రెండు మండలాలు ఉంటాయి, ఆఖర్న తలస్నానం చేసి విడుపు చేస్తారు. ఉండేంత కాలం మందేమిటి? అది మందా, మొగుడా?

“పత్తెం ఏముండాది?” అని అడిగింది.

“పత్తెమేమీ లేదు. అన్నీ తినొచ్చు.”

ముగింపు లేదు, పథ్యం లేదు. ఇది వైద్యంలాగే కనబడలేదామెకు. తిరిగి వస్తున్న డాక్టరు కాళ్ళకు అడ్డంపడినంత పని చేసి, “ఈ బాధంతా ఎందుకు సామీ, ఇప్పుడే కోసెయ్యరాదా?” అంది. డాక్టరు నవ్వి, ఇప్పుడే తొందర లేదమ్మా, మందుకు లొంగుతుందేమో చూద్దాం, నెలనెలా వస్తూ ఉండు, అవసరమని తోచిననాడు ఆపరేషన్ చేద్దాం అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆమె విన్నదాంట్లోనూ తప్పు లేదు. మధ్యలో ఆమె బతుకంతా మాగబెట్టిన మామిడికాయలు అడ్డం వచ్చాయి, అంతే.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చింది. “అర్థమైందా నీకు? పచ్చిగా ఉండాదంట. ఇంకా ముదరల్లంట. ముదిరినాక కోస్తారంట.”

“అట్ల చెప్పినట్టు లేదే,” అన్నాడు దేవరాజులు. “ఉండేదాన్ని కాపాడుకోమన్నారు గదా.”

“నీకేం తెలుసు? పచ్చికాయ కోస్తే జీడి కారతాది. డాక్టరుకి ఆమాత్రం తెలీదా?”

ఊళ్ళో దిగేసరికి ఎదురింటి రాజాంబాళ్ అరుగుమీదే ఉంది. అరవ పంతులు గారి భార్య. కంటికి పొర వచ్చి అదే వేలూరులో తీయించుకుని వచ్చింది. సీసా అడుగంత మందం అద్దాలు పెట్టుకుని, వీధిలో ఎవరింట్లో ఏం జరుగుతోందో అన్నీ చూసి చెబుతుండేది. పొన్నమ్మ చెప్పిందంతా విని తల పంకించింది.

“నాకూ అదే చెప్పిరి పొన్నమ్మా. ఇంకా ముదరలేదు, పో అనిరి. గోడ పట్టుకుని తిరిగితిని. పూరా చీకటైనాక పోతిని, ఒక్క పూటలో తీసేసిరి. ఇప్పుడు చూడు, నీ ముక్కుమీద మచ్చ కూడా తెలస్తా ఉండాది నాకు.”

“ఆమెది పొర గదే,” అని ఇంట్లోకి వచ్చాక దేవరాజులు గొణిగాడు. “నీది నీటికాసులు అన్నారు.”

“కంట్లో వచ్చేది ఏదైతే ఏమయ్యా? బేనీషా మామిడి ఒకనాడు ముందు మాగతాది, నీలం ఒకనాడు వెనక మాగతాది. మాగేది మాత్రం అన్నీ మాగల్ల.”

ఎంత బాగా చెప్పింది! అబద్ధం ఇంత అందంగా ఉంటే నమ్మకుండా ఎట్లా ఉంటారు?

అయినా మొదట్లో పోయింది పొన్నమ్మ. పాపం, పోలేదని అనకూడదు. మరుసటి నెల పోయింది, ఆపై నెలా పోయింది. మందు వేసుకుంది కూడా. ఆ మందు వేస్తే కనుబొమలు లాగేవి, కంటిపాప ఆవగింజంతై లోకమంతా మసకబారేది. బయట ఎండలో ఎట్లాగో నెట్టుకురావచ్చు. కిటికీ లేని కొట్టంలో ఏం చేస్తుంది? పసుపు తిరిగిన పండేదో, దోరకాయ ఏదో తెలియక చేత్తో నొక్కి చూడాల్సి వచ్చింది. నొక్కిన పండు మచ్చపడింది. ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి ఒకావిడ పండు వెనక్కి తెచ్చి ఆమె ముందు పెట్టి పోయింది. ఆ రోజు అన్నం తినలేదు పొన్నమ్మ.

మూడోసారి పోయినప్పుడు ఆరోకియమేరి సంతోషంగా, “పోటు తగ్గింది. మందు దాన్ని బాగా ఆపతా ఉంది. ఇట్లే రా” అంది. ఆ మాట విని ఇంటికొచ్చిన పొన్నమ్మ సీసా తీసి దూలం సందులో పెట్టేసింది.

“ఆపతా ఉండాదంట. విన్నావా? ఈ మందే దాన్ని మాగనీకుండా ఆపతా ఉండాది! ఇట్లా ఆపుకుంటా పోతే ఎప్పుడు ముదరల్ల, ఎప్పుడు కోయల్ల? ఒకపక్క మాగల్లంటారు, ఒకపక్క తలుపు తెరిచి చూస్తానే ఉంటారు. నెలకోసారి రెప్పలు విప్పి దీపం పెట్టి చూస్తే ఏ కాయ మాగతాది?”

కొట్టం విషయంలో ఆమె మాట ఏనాడూ తప్పలేదు. తప్పని మనిషి తప్పిందని చెప్పడం దేవరాజులుకు చేతకాలేదు. నిదానమే ప్రధానం అన్న నోటితోనే ఆలస్యం అమృతం విషం అన్నారు మన పెద్దలు. ఏది ఎప్పుడు అనాలో మాత్రం చెప్పి చావలేదు.

మరుసటేడు వేసవి మొదట్లో ఆమె తలుపు దారబందానికి భుజం కొట్టుకుంది. ఇంకోనాడు పక్కనే ఉన్న నీళ్ళబిందె తన్నేసింది. ఎదురుగా పట్టుకున్న మల్గోవా పండుమీద సూదిమొనంత మచ్చ కనబడేది, పక్కన నిలబడ్డ మనిషి కనబడేవాడు కాదు. దేవరాజులు అన్నం మానేసి కూర్చున్నాడు. నువ్వు వేలూరు వస్తేగాని ముద్ద ముట్టనన్నాడు. మెత్తని మనిషి పంతం పడితే ఎవరికైనా భయమే. సరే పద, రేపు పోదాం అంది పొన్నమ్మ.

ఆ సాయంత్రమే వీధిలో గంగమ్మ జాతరకు చాటింపు పడింది. తప్పెట కొట్టుకుంటూ పోయాడు చాటింపువాడు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా వాళ్ళ వీధివాళ్ళెవరూ ఊరి పొలిమేర దాటకూడదు. దాటితే అమ్మవారి కోపం దాటినవాళ్ళతో పోదు, వీధి వీధినీ కమ్ముకుంటుంది. తప్పెట చప్పుడు వినగానే పొన్నమ్మ మొహం వెలిగింది. దేవరాజులు కట్టుకున్న మూట తానే విప్పింది.

“చూసినావా? ఆయమ్మ కూడా ఆగమంటా ఉండాది.”

“వైద్యానికి పోతే గంగమ్మ ఏమంటాదే? తల్లి గదా?”

“వీధిలో ఎవరింట్లో బిడ్డకు జ్వరమొచ్చినా పొన్నమ్మ దాటిందనే అంటారు. నా కంటికోసం ఊరి మాట పడమంటావా?”

ఆ మాట అనేవాళ్ళు వీధిలో నిజంగానే ఉన్నారు.

జాతర అయింది. నీలం కాయ దిగింది, అదీ అయింది. వానలు పడే కాలానికి అతను ఆమెను ఎట్లాగో బతిమాలి బస్సెక్కించాడు. ఆసుపత్రి హాలు కిటకిటలాడుతోంది. ఆరోకియమేరి ఆమెను చూడగానే మామిడిపండ్లమ్మే మనిషని గుర్తుపట్టింది. ఆ రోజు ఆమె ఎంతమందికి ఇదే మాట చెప్పి విసిగిపోయి ఉందో, ఎంతమంది ఇట్లాగే ఆలస్యంగా వచ్చి ఉన్నారో ఎవరికి తెలుసు? హాలంతా వినబడేట్టు అరిచింది.

“ఇన్నాళ్ళు యాడ పోయినావు? ఏడాది కావస్తా ఉంది! కన్ను కావల్నా, మామిడిపండ్లు కావల్నా నీకు? మీలాంటోళ్ళకి ఎంత చెప్పినా చెవుడే. కన్ను పోయినాక మా కాళ్ళమీద పడి ఏడ్చేదానికి మాత్రం వస్తారు!”

వరసలో కూర్చున్నవాళ్ళు తల తిప్పి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. పొన్నమ్మ అంటే మొగుడిని చీపురుతో కొట్టిన మనిషి, వీధి మొత్తాన్ని నోటితో ఆడించిన మనిషి. నలుగురిలో ఆమెను కోప్పడినవాళ్ళు పుట్టినప్పటి నుంచీ లేరు. ఆమె లేచి, కొంగు భుజంమీదికి లాక్కుని, డాక్టరు గది దాకా పోకుండానే బయటికి నడిచింది. తలుపు దగ్గర గోడకు గుద్దుకుంది. ఆగలేదు.

“కాళ్ళమీద పడతానంట నేను,” అంది బస్సులో, ఊరు వచ్చేదాకా అదొక్కటే మాట. “ముదిరినాకనే పోతా. అంతవరకూ ఆ గడప తొక్కితే నేను పొన్నమ్మనే కాదు.”

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఊరికే అన్నారా? ఆపై దేవరాజులు ఒంటరిగానే వేలూరు పోయి, మందైనా ఇవ్వండి తల్లీ అని అడిగాడు. ఆరోకియమేరి ఈసారి మెల్లగానే మాట్లాడింది. మందు ఇచ్చింది, కానీ మనిషిని చూడకుండా ఎన్నాళ్ళిస్తాం, ఎట్లాగైనా తీసుకురండయ్యా అంది. ఇంటికొచ్చి అతను కంట్లో చుక్క వేస్తే పొన్నమ్మ కాదనేది కాదు. అతను అటు తిరగగానే కొంగుతో తుడిచేసుకునేది. ఆ సంగతి అతనికి తెలుసు. కొంగు అంచుకు మందు మరక కనబడేది. తెలిసీ మర్నాడు మళ్ళీ వేసేవాడు, ఇంకేం చేస్తాడు?

దేశంలో రాష్ట్రాలు విడగొడుతూ అతుకుతూ ఉన్నారు. ఆమె కంట్లో వెలుతురు పొలిమేర కూడా నానాటికీ లోపలికి జరిగింది. మొదట పక్కలు పోయాయి, తర్వాత కింద నేల పోయింది, చివరికి ఎదురుగా గొట్టంలోంచి చూసినట్టు చిన్న వెలుగు ముక్క మిగిలింది. ఇంకొకరైతే గుండె పగిలి ఏడ్చేవాళ్ళు. పొన్నమ్మ సంతోషపడింది. అదీ ఘోరం. చూపు మందగించిన ప్రతిసారీ ఆమె మొగుడిని పిలిచి చెప్పేది.

“ఈ పొద్దు నీ మొహం సగమే కనిపిస్తా ఉండాది. బాగా ముదరతా ఉండాదయ్యా. ఈ ఏడు నీలం అయ్యేలోగా పూరా మాగిపోతాది, చూస్తా ఉండు.”

అతను కొట్టం వెనక్కి పోయి ఏడ్చేవాడు. ఒకసారి కాదు, చాలాసార్లు.

ఒక తెల్లవారుజామున ఆమె లేచి దీపం వెలిగించమంది. దీపం వెలుగుతూనే ఉంది. దేవరాజులు దాన్ని తెచ్చి ఆమె మొహం ముందు పట్టుకున్నాడు. వేడి తగిలి ఆమె వెనక్కి జరిగింది.

“వెలిగే ఉండాదా?” అంది. ఆ మొహంలో భయం లేదు. పండగ పొద్దున పిల్లలకుండే తొందర ఉంది. “ఐతే మాగిపోయినాది! లే లే, మొదటి బస్సుకే పోదాం.”

తలంటుకుంది. పెట్టె అడుగున ఉన్న ధర్మవరం చీర తీయించి కట్టుకుంది. కొట్టంలోకి పోయి, గడ్డిలో చెయ్యి పెట్టి, వాసన చూసి, ఏరి ఏరి బుట్టనిండా మల్గోవా పండ్లు నింపింది. డాక్టరుకు సగం, ఆ నోరున్న నర్సమ్మకు సగం అంది. “నన్ను అన్ని మాటలు అన్నింది గదా, తిని సిగ్గుపడల్ల.” గడప దిగుతూ ఎదురింటి వైపు గొంతెత్తి, “రాజాంబాళక్కా, నాకూ అద్దాలు వస్తా ఉండాయి!” అని కేకేసింది. రాజాంబాళ్ చేతులెత్తి దీవించింది. బస్సులో దేవరాజులు ఆమె చెయ్యి వదల్లేదు.

చీకటిగదిలో డాక్టరు ఆమె రెప్పలు ఎత్తి దీపం వేశాడు. ఈ కంట్లో వేశాడు, ఆ కంట్లో వేశాడు. వెలుతురు ఎటునుంచి వస్తోందో చెప్పమన్నాడు. ఆమె చెప్పలేకపోయింది. చెప్పలేకపోతున్నందుకు ఆమెకే గర్వంగా ఉంది. పూరా ముదిరిందన్నమాట. డాక్టరు దీపం ఆర్పాడు. తర్వాత నర్సుతో మెల్లగా ఏదో చెప్పి, పొన్నమ్మ భుజం తట్టి అవతలికి పోయాడు.

“ఏమమ్మా, నువ్వేనా?” అంది పొన్నమ్మ, ఆరోకియమేరి చేతి పట్టు పోల్చుకుని. “పండ్లు తెచ్చినా నీకు. చెప్పు, మాగినాదా? ఎప్పుడు కోస్తారు?”

“ఏం మాగేదమ్మా?”

“కన్ను. ముదిరినాక కోస్తామంటిరి గదా. రాజాంబాళక్కకు కోసినట్టు. పూరా చీకటైపోయింది, ఇంక పచ్చి లేదు. కావాలంటే ఈ పొద్దే కొయ్యండి. నేను భయపడను.”

ఆరోకియమేరికి అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఈ మనిషి సోమరితనంతో రాలేదనుకుంది, మొండితనంతో రాలేదనుకుంది. ఒక్కనాడైనా పక్కన కూర్చుని, ఎందుకు రాలేదమ్మా అని అడగలేదు. ఇప్పుడు పక్కన కూర్చుంది. ఎప్పుడూ హాలంతా వినబడే ఆ గొంతు ఇప్పుడు పొన్నమ్మకే సరిగా వినబడలేదు.

“ఆమెది పొరమ్మా. పొర ముదిరితే తీస్తారు, చూపొస్తాది. నీది పొర కాదు. వెనకుండే నరమే చచ్చిపోయింది. కోసేదానికి ఏమీ లేదు. ముందే వచ్చుంటే, ఉండే చూపు నిలిచేది.”

పొన్నమ్మ ఒళ్ళో బుట్ట ఉంది. అందులోంచి ఒక పండు తీసి, వేళ్ళతో చుట్టూ తడిమి, మళ్ళీ లోపల పెట్టేసింది.

“మాగలేదన్నమాట,” అంది చివరికి. “గడ్డిలోనే కుళ్ళిపోయినాది. తెరిచి చూడమని ఇన్నిసార్లు చెప్తే, నేనే చూడనీయకపోతి.”

అప్పుడు ఏడ్చింది. దేవరాజులు ఎదుట ఎప్పుడూ ఏడవని మనిషి, తల గోడకేసి కొట్టుకుని ఏడ్చింది. కొప్పు ఊడిపోయింది, ధర్మవరం చీర కొంగు నేల దుమ్ములో పడి పొర్లింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని ఎవరైనా అనవచ్చు. కాలిన చేతులకు ఆ సామెత ఏం చల్లదనం ఇస్తుంది?

సాయంత్రం దేవరాజులు ఆమెను ఆసుపత్రి వరండాలో స్తంభానికి ఆనించి కూర్చోబెట్టి, జట్కా పిలుచుకొస్తానని పోయాడు. జుట్టు ముడి వేసుకునే ధ్యాస కూడా ఆమెకు లేదు. మెట్లమీద ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ దిగుతున్నారు. తెలుగు మాట. పొన్నై ఊరి దిక్కు యాస.

“నీటికాసులంట. నెలనెలా రమ్మంటా ఉండారు. పనీపాటా లేదా మనకి? నాకు బాగానే కనిపిస్తా ఉండాది గదా! చూద్దాంలే, పంట నూర్పిళ్ళు అయినాక వస్తా.”

పొన్నమ్మ ఉలిక్కిపడి ముందుకు వంగింది. ఆ గొంతు వచ్చిన దిక్కుకు చెయ్యి చాపింది. ఎట్లాగైనా ఆ మనిషి కొంగో, చెయ్యో పట్టుకోవాలి, పట్టుకుని కూర్చోబెట్టి అంతా చెప్పాలి.

“అమ్మా... అమ్మా, ఒక్క మాట... ఆగు తల్లీ...” ఏడ్చి ఏడ్చి పూడుకుపోయిన గొంతు సరిగా పెగల్లేదు.

అడుగులు ఒక్క క్షణం ఆగాయి. చాపిన అరచేతిలో చల్లగా ఒక అణాబిళ్ళ పడింది.

“తీసుకో అవ్వా,” అంది ఆ గొంతు. మంచి గొంతే, జాలిగల గొంతే. “పద పద, బస్సు పోతాది” అంటూ అడుగులు మెట్లు దిగి దూరమైపోయాయి.

దేవరాజులు జట్కా తీసుకొచ్చేసరికి పొన్నమ్మ అదే వంగిన వంగుడులో ఉంది, చెయ్యి గట్టిగా మూసుకుని.

“ఆ ఆడమనిషి యాడుండాది? పిలువు. తొందరగా పిలువయ్యా.”

“ఏ ఆడమనిషే?”

“ఇప్పుడే పోయినాదే. పొన్నై దిక్కు మనిషి. నా మొహం చూడకుండానే పోయినాది.”

అతను వాకిలి వైపు చూశాడు. గేటు దగ్గర బస్సులకోసం పరుగెత్తే జనం. అందరూ అతనికి ఒకేలా కనబడ్డారు.

“చేతిలో ఏందే అది?” అని అడిగాడు. జట్కా ఎక్కించినప్పుడు కూడా ఆమె పిడికిలి విప్పలేదు.